నైస్ అంటే మంచిగా అనా, మెత్తగా అనా?

చుక్కలముగ్గు — శనివారం, రాత్రి 9:40

నమస్తే అందరికీ. ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఇవాళ ఒక సందేహం వచ్చి రాస్తున్నాను.

మేం ఉండేది ఇంగ్లండులోని లెస్టర్‌లో. అమ్మ నెల కిందట విజయవాడ నుంచి వచ్చింది. ఈరోజు పొద్దున దోశలకి పప్పు రుబ్బుతుంటే మా పాప మిక్సీ దగ్గర నిలబడింది. దానికి తొమ్మిదేళ్లు, ఇక్కడే పుట్టింది. "ఇంకాస్త నైస్‌గా తిప్పమ్మా" అంది అమ్మ. పాప స్విచ్ మీద చెయ్యి తీసేసి, "మిక్సీతో నైస్‌గా ఎలా ఉండాలి అమ్మమ్మా? ప్లీజ్ అనాలా?" అని అడిగింది. నవ్వలేక చచ్చాం.

నవ్వడం అయ్యాక అసలు సంగతి బయటపడింది. వాళ్ల క్లాసులో వ్యాసాల్లో నైస్ అనే మాట రాయకూడదట. గోడ మీద సమాధుల బొమ్మలు గీసి, ఒక్కో రాయి మీద ఒక్కో "అరిగిపోయిన మాట" రాశారట. మొదటి రాయి నైస్‌దే.

నా ప్రశ్నలు రెండు. ఆ మాట మీద టీచర్లకి అంత కోపం ఎందుకు? మనం పిండికి, గచ్చుకి, చీరకి నైస్ అంటామే, అది తప్పు ఇంగ్లీషా? అమ్మ పైకి నవ్వింది కానీ కాస్త చిన్నబుచ్చుకుంది. "మీ నాన్నగారు కూడా అట్లాగే అనేవారు" అంది.


బరంపురం బాబాయి — రాత్రి 9:58

తప్పేం కాదమ్మా, మా ఇంట్లోనూ నైసే. నా ఉద్దేశంలో అది ఇంగ్లీషు కానే కాదు. మన "నైసర్గికం"లోంచి వాళ్లే పట్టుకుపోయారు.


పదకొండో పీరియడ్ — రాత్రి 10:31

బాబాయి గారూ, నైసర్గికం "నిసర్గ" నుంచి వచ్చింది, స్వభావం అని అర్థం. నైస్‌తో దానికి చుట్టరికం లేదు. చెవికి దగ్గరగా ఉంటే చాలనుకుంటే కాఫీకీ కఫానికీ కూడా పెళ్లి చేసేయొచ్చు.

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నైస్ పుట్టిల్లు లాటిన్. అక్కడ "నెస్కియుస్" అని ఒక మాట. "నె" అంటే లేదు, "స్కిరె" అంటే తెలియడం. కలిపితే ఏమీ తెలియనివాడు. సైన్స్ అనే మాటకి మూలం కూడా ఈ "స్కిరె"నే. అంటే సైన్సూ నైసూ ఒక ఇంటి పిల్లలే, ఒకటి తెలివి వైపు పోయింది, రెండోది తెలివితక్కువ వైపు పోయింది. పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి మాట అరిగింది, అర్థం మాత్రం "మొద్దు, వెర్రిబాగుల" దగ్గరే ఉంది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొన్ని వందల ఏళ్లు అక్కడి పెద్దింటి భాష ఫ్రెంచి. ఆ దారిలోనే 1300 ప్రాంతానికి నైస్ ఇంగ్లీషులోకి దిగింది. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే మొహం మాడ్చుకునేవారు.

అక్కణ్ణించి దాని ప్రయాణం చూడండి. తెలివితక్కువవాడు వేషాలు వేస్తాడు కాబట్టి "విచ్చలవిడి, ఆడంబరం" అన్న అర్థం వచ్చింది. ఆడంబరం ఉన్నవాళ్లకి ప్రతిదీ సుకుమారంగా కావాలి, అన్నం మెతుకు కూడా వంకపెట్టి తింటారు. అలా "సుకుమారం, వంకలమారి" అయింది. వంకలు పెట్టాలంటే చిన్న చిన్న తేడాలు కనబడాలి కదా, దాంతో "సూక్ష్మమైన, ఖచ్చితమైన" అయింది. సూక్ష్మమైనది మేలైనది అనుకుని 18వ శతాబ్దంలో "హాయిగా ఉన్న, ఇంపైన" అనడం మొదలుపెట్టారు. "దయగల మనిషి" అన్న అర్థం 19వ శతాబ్దానిది, అన్నిటికన్నా చిన్నది. ఇవి మెట్లు మెట్లుగా వచ్చాయనుకోకండి, ఒకే కాలంలో మూడు నాలుగు అర్థాలు కలిసి తిరిగేవి. పాత పుస్తకాల్లో నైస్ కనబడితే, ఏ నైసో తేల్చుకోవడానికి పండితులే తల పట్టుకుంటారు.

మనలో చాలామంది చదివిన షేక్‌స్పియర్ నాటకం "జూలియస్ సీజర్"లో కూడా ఉంది. నాలుగో అంకంలో కాషియస్, బ్రూటస్‌తో గొడవపడుతూ, ఇలాంటి సమయంలో ప్రతి నైస్ తప్పునీ పట్టుకోకూడదంటాడు. అక్కడ నైస్ అంటే చిన్నపాటి, లెక్కలోకి రాని అని. నా క్లాసులో ఒక కుర్రాడు "తప్పు నైస్‌గా ఎలా ఉంటుంది మేడం?" అని అడిగాడు. అచ్చం మీ పాప ప్రశ్నే.

టీచర్ల కోపం సంగతి రేపు రాస్తాను. కళ్లు లాగుతున్నాయి.


నల్లకోటు — రాత్రి 11:15

మేడం గారి "సూక్ష్మమైన" అర్థం కోర్టుల్లో ఇంకా బతికే ఉంది. పాత తీర్పుల్లో "ఇక్కడ ఒక నైస్ క్వశ్చన్ ఆఫ్ లా ఉంది" అని రాస్తారు. చాలా సన్నని, అటో ఇటో తేల్చడం కష్టమైన ప్రశ్న అని దాని భావం.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో మా సీనియర్ వాదిస్తుంటే జడ్జి గారు "దట్ ఈజ్ ఎ నైస్ పాయింట్" అన్నారు. మెచ్చుకున్నారనుకుని, బయటికి రాగానే క్లయింటుకి "మనదే గెలుపు" అని చెప్పేశాను. ఆయన కొట్టుకు వెళ్లి పావుకిలో పూతరేకులు కొనుక్కొచ్చాడు. నెల తర్వాత కేసు ఓడిపోయాం. మా సీనియర్ ఒక్క మాటే అన్నారు: "నైస్ అంటే స్వీటు కాదురా."


లష్కర్ పోరడు — రాత్రి 11:32

పూతరేకులు తిన్నారా, వాపసిచ్చారా? అది చెప్పండి ముందు.

మేడం చెప్పిన సుకుమారం, సూక్ష్మం రెండూ కలిపితే మా సికింద్రాబాద్‌లో ఒక మాటుంది: నాజూకు. ఫారసీలోంచి ఉర్దూలోకి, అక్కణ్ణించి మన తెలుగులోకి వచ్చింది. అమ్మాయి నాజూకు, గాజు గ్లాసు నాజూకు. ఉర్దూలో "నాజూక్ మామలా" అంటే జాగ్రత్తగా మాట్లాడాల్సిన వ్యవహారం. తెలుగులో "నాజూగ్గా చెప్పాడు" అంటే ఎదుటివాడికి గుచ్చుకోకుండా చెప్పాడని. లాయర్ సాబ్ చెప్పిన నైస్ పాయింట్‌కి నాజూకు పాయింట్ అంటే సరిపోతుంది.

పిండి మాటకొస్తే మా వైపు గిర్నీలో పట్టిస్తాం. మా నాయనమ్మ "మెత్తగ పట్టియ్యమను" అనేది. నైస్ అనేది మా అమ్మ తరం నుంచే.


చెన్నపట్నం చిన్నోడు — ఆదివారం, ఉదయం 6:50

ఇది తెలుగువాళ్ల సొంత కనిపెట్టుడు అనుకుంటున్నట్టున్నారు. మూడు తరాలుగా చెన్నైలో ఉన్నాం, ఇక్కడ అరవంలో కూడా అచ్చం ఇదే. ఏ వంట పుస్తకం తెరిచినా "నైసాగ అరైక్కవుం" అని ఉంటుంది, నైస్‌గా రుబ్బాలని. ఇంకో వాడకం కూడా కలుస్తుంది. మనం "నైసుగా జారుకున్నాడు" అంటామే, వాళ్లూ "నైసా నళువిట్టాన్" అంటారు. చప్పుడు లేకుండా, ఎవరికీ తెలియకుండా అని.

కాబట్టి పిండి నైసూ, జారుకునే నైసూ రెండూ దక్షిణాదిలో పక్కపక్క భాషల్లో నడుస్తున్నాయి. ఒక్క తెలుగింటి పొరపాటు అనడానికి లేదు.


తెల్లకాగితం — ఉదయం 8:05

అందరూ కలిసి చేస్తే పొరపాటు ఒప్పు అయిపోతుందా? ఇంగ్లీషువాళ్లెవరూ పిండిని నైస్ అనరు. "ఫైన్" అంటారు. మనవాళ్లు ఫైన్‌నీ నైస్‌నీ కలిపేసుకున్నారు, అంతే. రెండూ "బాగుంది" అనే కదా మనకి తెలిసింది. ఫైన్‌కి "సన్నని" అన్న అర్థం ఉంది కాబట్టి నైస్‌కీ ఉంటుందనుకున్నారు. దీనికి లాటిన్ దాకా పోవాలా?


పదకొండో పీరియడ్ — ఉదయం 9:20

తెల్లకాగితం గారు చెప్పిన ఫైన్ దారి కొట్టిపారేసేది కాదు. కానీ అది సగమే. ఫైన్‌తో కలిసిపోతే పిండి దగ్గర ఆగాలి. "నైసుగా జారుకున్నాడు" ఎక్కణ్ణించి వచ్చింది? "నన్ను నైస్ చేస్తున్నావా?" అంటే కాకా పడుతున్నావా అని, అది ఎక్కణ్ణించి వచ్చింది? ఫైన్‌గా జారుకున్నాడు అని ఎవరూ అనరు కదా.


పాతపుస్తకం — ఉదయం 10:12

దీనికి జవాబు ఇంగ్లీషులో వెతికితే దొరకదు, మన ఇంట్లో వెతకండి.

తెలుగులో చేతికి తగిలే గుణాలే మనుషులకీ వాడతాం. మెత్తని పిండి, మెత్తని మనిషి. కరుకు గుడ్డ, కరుకు మాట. రాయి మొరటు, మనిషీ మొరటే. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అన్న సామెతలో పిండీ మనిషీ ఒక్కచోటే ఉన్నారు. అలాంటి భాషలోకి నైస్ వచ్చింది. మనిషికి వాడుతుంటే విన్నాం: నైస్ మనిషి, మెత్తగా మాట్లాడే మనిషి. మెత్తదనం మనిషి నుంచి పిండికి తిరిగి వెళ్లడానికి మన భాషలో దారి ముందే ఉంది. గచ్చు నున్నగా ఉంటే నైస్, పట్టుచీర వేళ్ల మీద జారిపోతే నైస్. జారే గుణం వచ్చాక మనిషి జారుకోవడం ఎంతసేపు?

రెండో సంగతి. "నయం" అనే మాట ఉంది కదా. నయంగా చెప్పడం, నయానో భయానో ఒప్పించడం, నయగారాలు పోవడం, చివరికి నయవంచన. మెత్తగా మాట్లాడి ముంచడం అన్నమాట. "నైసుగా మాట్లాడి డబ్బు లాగాడు" అన్న వాక్యంలో నైసుగా తీసేసి నయంగా పెట్టండి, ఒక్క వెంట్రుకవాసి కూడా కదలదు. బాబాయి గారి నైసర్గికం తప్పే కానీ ఆయన చెవి తప్పు కాదు. కొత్త మాట ఒకటి వచ్చి, పోలిక ఉన్న పాత మాట పక్కన కూర్చుని, దాని పని కూడా చేయడం మొదలుపెట్టింది. నైస్ మన నయంలోంచి పుట్టిందని అనను. పుట్టుక ఇంగ్లీషే, పెంపకం మనది.


బరంపురం బాబాయి — ఉదయం 10:20

చెవి తప్పు కాదన్నారు, అది చాలు నాకు.


హిందూపురం హోటల్ — ఉదయం 11:44

పాతపుస్తకం గారి మాటకి నా వైపు నుంచి ఇంకో రాయి. మాది హిందూపురం, ఉద్యోగం బెంగళూరులో. కన్నడంలో "నయ" అంటే నున్నన, మెత్తన. "నయవాద చర్మ" అంటే నున్నటి చర్మం. రుబ్బేటప్పుడు "నుణ్ణగె" అంటారు, "నయవాగి" అని కూడా అంటారు. అంటే నయం పిండిలో కాలు పెట్టడం ఎప్పుడో జరిగింది, నైస్ రాకముందే ఆ పీట వేసి ఉంది.

మాట పడింది కాబట్టి ఇది కూడా. బెంగళూరు వచ్చిన కొత్తలో నవంబరు 1న రాజ్యోత్సవం, మా వీధి చివర పెద్ద బ్యానర్ కట్టారు: "కన్నడద కంపు". అక్షరాలు కూడబలుక్కుని చదివి అదిరిపడ్డాను. సొంత భాషని కంపు అని వీళ్లే ఎందుకు తిట్టుకుంటున్నారు అని. తర్వాత తెలిసింది, కన్నడంలో కంపు అంటే పరిమళం.


పదకొండో పీరియడ్ — మధ్యాహ్నం 12:30

కంపు మనకీ ఒకప్పుడు పరిమళమే. పాత తెలుగు పద్యాల్లో పువ్వులకి కంపు ఉండేది. తర్వాత మనం దాన్ని మురుక్కాలవ దగ్గరికి తోసేశాం, కన్నడం వాళ్లు దేవుడి గదిలోనే ఉంచుకున్నారు. వ్యాకరణం వాళ్లు దీన్ని అర్థాపకర్ష అంటారు, కిందికి దిగడం. ఛాందసుడు కూడా అంతే. ఛందస్సు అంటే వేదం, అది చదివినవాడు ఛాందసుడు. ఇప్పుడు ఎవరినైనా అలా పిలిచి చూడండి.

నైస్ పోయింది దీనికి ఎదురు దారిలో. తిట్టుగా పుట్టి మెప్పు అయింది, అది అర్థోత్కర్ష. మనకి దీటైనది "సభికులు". సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. ఇప్పుడు ప్రతి మీటింగులోనూ "సభికులందరికీ నమస్కారం" అని మొదలెడతాం, ఎవరూ నొచ్చుకోరు. "సాహసం" కూడా ఒకప్పుడు దౌర్జన్యం, నేరం కిందే లెక్క.

ఇంగ్లీషులో నైస్ ఒక్కటే కాదు. ప్రెటీ మొదట జిత్తులమారి, ఇప్పుడు అందగత్తె. సిల్లీ మొదట "ధన్యుడు, దైవకృప ఉన్నవాడు", తర్వాత అమాయకుడు, తర్వాత జాలిపడాల్సినవాడు, చివరికి తెలివితక్కువవాడు. నైస్ మెట్లెక్కుతుంటే సిల్లీ అవే మెట్లు దిగింది. మధ్యలో ఎక్కడో ఎదురుపడే ఉంటాయి.


రాత్రి షిఫ్టు — మధ్యాహ్నం 1:15

సాఫ్ట్‌వేర్ వాళ్లం మేము మాత్రం నైస్‌ని అంకెల్లో కొలుస్తాం. యునిక్స్, లినక్స్‌లో నైస్ అని ఒక కమాండ్ ఉంది. నడిచే ప్రతి ప్రోగ్రాముకీ ఒక నైస్‌నెస్ విలువ, మైనస్ 20 నుంచి 19 దాకా. మామూలుగా సున్నా. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రోగ్రాము మంచిది అని. మంచిది అంటే "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అని ప్రాసెసర్ దగ్గర పక్కకి తప్పుకునే రకం. 19 ఉన్నదానికి అందరికన్నా తక్కువ వంతు. మైనస్ 20 ఉన్నది మోచేతులతో తోసుకుంటూ ముందుకి పోతుంది. తమాషా ఏంటంటే, ఎవరైనా తమ ప్రోగ్రామును ఎంతైనా నైస్ చేసుకోవచ్చు, కానీ అంకెని సున్నా కిందికి దించి మొరటుగా మార్చాలంటే రూట్, అంటే కంప్యూటర్ మొత్తానికి పెత్తందారు, అనుమతి కావాలి.

మా టీమ్‌లో ఒకాయన్ని అందరూ "చాలా నైస్" అంటారు. అప్రైజల్ లిస్టులో ఆయన పేరు ఎప్పుడూ చివరే. విలువ 19 పడిపోయింది పాపం.


తెల్లకాగితం — మధ్యాహ్నం 1:22

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. కంప్యూటర్‌కి కూడా.


డాలస్ దొడ్డమ్మ — మధ్యాహ్నం 2:40

మా పక్కింట్లో మెక్సికో బామ్మ ఉంది. మనవడు మాట వినకపోతే "నేసియో!" అని అరుస్తుంది. మొండిఘటం, బుద్ధిలేనివాడా అని. మేడం గారి లాటిన్ చదివాక తట్టింది, ఇది ఆ నెస్కియుసే కదా? వెతికి చూశాను, అవును. స్పానిష్‌లో ఆ మాట ఈ రోజుకీ తిట్టే. అదే పిల్లాడు స్కూల్లో బుద్ధిగా ఉంటే టీచర్ "నైస్ బాయ్" అంటుంది. ఇంట్లోనూ బళ్లోనూ వాడికి ఒకే బిరుదు, వాడికే తెలియదు.

ఇంకోటి, ఫ్రాన్సులో నీస్ అని ఊరుంది కదా, స్పెల్లింగ్ అదే. దానికీ దీనికీ సంబంధం ఉందా?


పదకొండో పీరియడ్ — మధ్యాహ్నం 3:05

లేదండీ. ఆ ఊరు గ్రీకులు కట్టింది, వాళ్లు పెట్టిన పేరు నికాయా, విజయం అని. విజయానికి గ్రీకు దేవత నైకీ, అదే ధాతువు. స్పెల్లింగ్ కలవడం యాదృచ్ఛికం.


చెన్నపట్నం చిన్నోడు — మధ్యాహ్నం 3:11

అయితే చిన్నప్పుడు తిన్న నైస్ టైమ్ బిస్కెట్, పైన పంచదార పలుకులతో, అదే నైస్?


నల్లకోటు — మధ్యాహ్నం 3:30

ఇంగ్లండులో ఉత్త "నైస్" బిస్కెట్ అని చాలా పాతది ఒకటి ఉంది, దాన్ని నైస్ అనాలా నీస్ అనాలా అని అక్కడివాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. మనది నైస్ టైమే, వాదన లేదు. పైన పంచదార మాత్రం గరుకుగా ఉంటుంది, పిండి లెక్కన చూస్తే అది బరక బిస్కెట్.


పదకొండో పీరియడ్ — సాయంత్రం 5:48

బాకీ తీరుస్తాను. టీచర్ల కోపం.

ఇది ఇవాల్టిది కాదు. ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ నవల "నార్థాంగర్ ఆబీ" 1817 చివర్లో అచ్చయింది. అందులో కథానాయిక తను చదువుతున్న నవలని చాలా నైస్ పుస్తకం అంటుంది. కథానాయకుడు హెన్రీ టిల్నీ వెంటనే, నైస్ అంటే పొందికగా అని కదా, అయితే బైండింగ్ గురించి అన్నావా అని ఏడిపిస్తాడు. అక్కడితో ఊరుకోడు. రోజు నైస్, మన షికారు నైస్, మీరిద్దరూ నైస్ అమ్మాయిలు, ఈ మాట అన్నిటికీ సరిపోతుంది అని వరసపెడతాడు. 1926లో ఫౌలర్ అనే పండితుడు తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో అదే ఏడుపు మళ్లీ ఏడ్చి, తప్పంతా ఆడవాళ్ల మీదికి తోశాడు. ఆయన అన్నమాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మగవాళ్లెవరూ ఆ మాట వాడనట్టు.

కోపానికి కారణం మాత్రం సబబే. నైస్ అంటే, చెప్పేవాడికి హాయిగా ఉందని తెలుస్తుంది, వస్తువు ఎలా ఉందో తెలియదు. "నైస్ ఇల్లు" అంటే గాలి వస్తుందా, ఎత్తుగా ఉందా, అద్దె తక్కువా? ఏదీ కాదు, నాకు నచ్చింది అంతే. పిల్లలు వ్యాసం రాసేటప్పుడు చూడ్డం మానేసి నైస్ అని తప్పించుకుంటారు. అందుకే సమాధి కట్టారు.

మన "బాగుంది" కూడా అంతే కదా. భోజనం బాగుంది, సినిమా బాగుంది, అమ్మాయి బాగుంది, ఆరోగ్యం బాగుంది. వెటకారానికీ అదే. పిల్లాడు కొత్త ఫోను నీళ్ల బకెట్లో పడేస్తే తండ్రి "బాగుంది సంబడం" అంటాడు, అక్కడ ఇంగ్లీషు తండ్రి "ఓ, నైస్" అంటాడు. నా క్లాసులో నైస్ కొట్టేసినప్పుడల్లా, తెలుగు మాస్టారు బాగుంది కొట్టేసేవారు. స్టాఫ్ రూంలో టీ తాగుతూ ఇద్దరం "బాగుందండీ టీ" అనుకునేవాళ్లం.

నైస్‌ని పూర్తిగా పాతిపెట్టాలనే మాటకి మాత్రం నేను ఒప్పుకోను. మాట్లాడేటప్పుడు అది కావాలి. కలిసినందుకు సంతోషం అన్నచోట నైస్ టు మీట్ యూ తప్ప గతిలేదు. "నైస్ అండ్ వామ్" అని ఒక పద్ధతి ఉంది, అక్కడ నైస్ అంటే మంచి అని కాదు, "చక్కగా, కావలసినంత" వెచ్చగా అని. అలాగే "టు ఎ నైసిటీ" అంటే తక్కెడ ముల్లు సరిపోయినంత ఖచ్చితంగా.


ఇరగవరం మర — రాత్రి 7:30

ఇన్ని పోస్టులు అయ్యాయి కానీ పిండిమర వాళ్లనెవరూ అడగలేదు. మా నాన్న ముప్పై ఏళ్లు మర నడిపారు, ఇప్పుడు నేను.

మా దగ్గర నైస్ అంటే కొలత. రెండు రాళ్లు ఉంటాయి, ఒకటి తిరుగుతుంది, ఒకటి కదలదు. పక్కనున్న చక్రం బిగిస్తే రాళ్లు దగ్గరికొస్తాయి, పిండి నైస్. వదిలితే బరక. ఇంకా వదిలితే రవ్వ. పైన గింజలు పోస్తూ కింద గొట్టం దగ్గర చెయ్యి పెట్టి వేడివేడి పిండి చిటికెడు తీస్తాం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే పలుకు తగలకూడదు, వేళ్ల గీతల్లోకి పిండి దిగిపోవాలి. దిగితే నైస్. నాన్న కళ్లు మూసుకుని చెప్పేవారు. నేను చక్రం పట్టుకుని ఆయన మొహం వైపు చూసేవాణ్ణి, తల ఊపితే ఆపడం.

అన్నిటికీ నైస్ పనికిరాదు. జంతికలకి, పుల్లట్ల పిండికి నైస్. సున్నుండలకి మినుములు ఆడిస్తే చిన్న పలుకు ఉండాలి, మరీ నైస్ అయితే ఉండ అంగిలికి అంటుకుని మాట రాదు. ఒకావిడ గొడవ పెట్టుకుంది, "నైస్‌గా ఆడమంటే బరకగా ఆడావేం?" అని. సున్నుండలకి అన్నారు కదండీ అంటే, "నైస్‌గా అంటే బాగా అనయ్యా, మెత్తగా అని కాదు" అంది. ఆవిడ ఇంగ్లీషు టీచరు. ఆ రోజు నుంచి సున్నుండలకి వచ్చినవాళ్లని రెండుసార్లు అడుగుతాను.

మెత్తగా అనకుండా నైస్ ఎందుకంటామా? మెత్తన అన్నం కూడా మెత్తనే, పరుపూ మెత్తనే, అరటిపండూ మెత్తనే. నొక్కితే దిగేదంతా మెత్తన. నైస్ అంటే రుద్దితే పలుకు తగలనిది. రెండూ వేరు. నున్నన అందామా అంటే అది గచ్చుకి, గుండుకి. పొడికి నున్నన కుదరదు. ఆ ఖాళీలో నైస్ కూర్చుంది.


పాతపుస్తకం — రాత్రి 7:52

మర గారూ, పొద్దున నేను రాసిందంతా మీరు నాలుగు వాక్యాల్లో కొట్టేశారు. రుద్దితే పలుకు తగలనిది. నిఘంటువు రాసేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఇది యథాతథంగా ఎత్తుకోండి.


తెల్లకాగితం — రాత్రి 8:10

సరే, ఒప్పుకున్నాను. ఇంగ్లీషులో తప్పు, తెలుగులో ఒప్పు. తెలుగు నైస్ వేరే మాట అనుకుంటే గొడవ లేదు. కానీ ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మాత్రం "గ్రైండ్ ఇట్ నైస్" అనకండి, నా ప్రాణం పోతుంది.


చుక్కలముగ్గు — రాత్రి 9:05

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మొత్తం అమ్మకి చదివి వినిపించాను. కేసు ఓడిపోయిన చోట పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. మర గారి పోస్టు రెండోసారి చదవమంది.

సాయంత్రం పాపకి వేళ్ల పరీక్ష నేర్పింది. పొడి పిండి లేదు, రుబ్బిన పిండే ఇద్దరూ వేళ్ల మధ్య రాసి చూశారు. పాప "ఇంకా చిన్న చిన్న చుక్కలు తగులుతున్నాయి" అంది. "అదే, నైస్ అవ్వలేదు" అంది అమ్మ. పాప రేపు టీచర్‌కి చెబుతుందట, సమాధిలో ఉన్న మాట మా ఇంట్లో మిక్సీలో తిరుగుతోందని. నెస్కియుస్ కూడా చెబుతానంటోంది. ఎవరినైనా నైస్ అని పిలిచి, తర్వాత అర్థం చెప్పే ప్లాన్ ఏదో ఉన్నట్టుంది, కాస్త భయంగానే ఉంది.

ఒక చిన్న సందేహం మాత్రం మిగిలింది మర గారూ. ఇక్కడి చలికి పిండి పులవడం లేదు, పప్పు ఎంతసేపు నానబెట్టాలంటారు?


డాలస్ దొడ్డమ్మ — రాత్రి 9:12

ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టమ్మా. మంట వెలిగించకు, ఉత్త లైటే. గుప్పెడు అటుకులు కూడా వేసి రుబ్బు.


లష్కర్ పోరడు — రాత్రి 9:14

మెంతులు మరిచిపోయారు.


హిందూపురం హోటల్ — రాత్రి 9:15

మెంతులు ఎక్కువైతే చేదొస్తుంది. కిలో బియ్యానికి ఒక చెంచా చాలు.


మోడరేటర్ — రాత్రి 9:31

పిండి పులవడం గురించిన పోస్టులు వంటింటి విభాగానికి మార్చాను, అక్కడ కొనసాగించండి. నల్లకోటు గారూ, పూతరేకుల సంగతి లష్కర్ పోరడు నిన్న అడిగారు, జవాబు ఇంకా రాలేదు.


నల్లకోటు — రాత్రి 9:40

తిన్నాం. తీర్పు వచ్చేలోపే అయిపోయాయి.